క్యూలో చివరివాడు

ఫోను ఇంకా రాలేదు. ఇప్పుడే ఎందుకొస్తుందిలే, గనిలో భోజనాల సైరను మోగి ఎంతసేపైందని. నాకు ఆ సైరను వినపడదు, ఎక్కడి కొండలు, ఎక్కడి ఈ ఏసీ గది, కానీ మోగిందని తెలుస్తుంది, ఎందుకంటే నా ఎదుట స్క్రీను మీద ఆ కొండలకి ఇంటర్నెట్టు మోసే లింకు తాలూకు గీత, పొద్దుట్నుంచీ నిమ్మకు నీరెత్తినట్టు నేలబారుగా పడుకున్నది కాస్తా, ఒక్కసారిగా లేచి నిలబడింది. అంటే మెస్సు గుమ్మం దగ్గర లాకర్లు తెరుచుకున్నాయన్నమాట. గనిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, పేలుడు మందు ఉంటుంది కదా, పొద్దున్నే లాకర్లో పెట్టేసి భోజనానికి వచ్చినప్పుడు తీసుకుంటారు. తీసుకున్నవాడు తీసుకున్నట్టే ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో ఫోను. ఒకడికి సినిమా, ఒకడికి ఆట, ఒకడికి బల్ల మీంచి జారిపడిన పిల్లి వీడియో, అన్నీ కలిసి కొండకొమ్మున ఉన్న ఆ ఒక్క టవరు మీద, గాలిలో సాగే ఆ ఒక్క దారి మీద. అంత గుంపులో నాకు కావలసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు మెస్సు వరసలో అందరికంటే వెనక నిలబడి ఉంటాడు, నాకు తెలుసు. ఎవరొచ్చినా "ముందు మీరు కానివ్వండి" అంటాడు. ఆకలితో కడుపు కాలుతున్నా అంటాడు. మా అత్తయ్య ఊరికే పెట్టలేదు కొడుక్కి నిదానం అని పేరు. అందరూ వడ్డించుకుని, తను వడ్డించుకుని, తాపీగా తిని, పళ్ళెం కడిగి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు గానీ నాకు ఫోను రాదు, నేను చేసినా అప్పటిదాకా ఎత్తడు. ఇవాళొక్కరోజు ముందు నిలబడవయ్యా మహానుభావా, ఇవాళొక్కరోజు ఎవడినైనా తోసుకుని ముందుకి రా.

మా సారు నా కుర్చీ వెనక నిలబడి టీ తాగుతున్నారు. తాగుతున్న చప్పుడు నా నెత్తి మీదే వినపడుతోంది. "గంటే అన్నాను, గుర్తుందిగా" అన్నారు. గుర్తుంది సార్, నా పద్ధతి పెట్టి చూడ్డానికి గంటే. ఈ గంట కోసం పొద్దున్నుంచీ ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయనకి బఫరంటే ప్రాణం. లింకుకి రెండు చివర్లా ఉండే నిలవగది అది, దారి ఇరుకై డేటా ముక్కలు ఒకేసారి పోలేనప్పుడు అక్కడ వరసలో ఆగుతాయి, వంతు వచ్చినప్పుడు బయల్దేరతాయి. ఆగడం మంచిదే, కాసేపైతే. కానీ మా సారు లెక్క వేరు. ఎక్కడ ఏ ఫిర్యాదొచ్చినా "నిలవ పెద్దది చేసెయ్" అంటారు. చేసీ చేసీ కొండల లింకు నిలవగది ఎంత పెద్దదైందంటే, మధ్యాహ్నం వేళ అందులోకి వెళ్ళిన మాట ఎప్పుడు బయటికొస్తుందో చెప్పలేం. కానీ వస్తుంది, అది మటుకు నిజం. ఒక్క ముక్క కూడా పోదు. నెలాఖరు రిపోర్టులో కొండల లింకు ఎదురుగా "నష్టం: సున్నా" అని ఉంటుంది. ఆ సున్నాని ఆయన మనవడి మొదటి పన్నులా అందరికీ చూపిస్తారు. నేను చెప్పిందల్లా ఇంతే, ఎంత నిలవ ఉందని కాదు సార్, ఎంతసేపట్నుంచి నిలవ ఉందని అడుగుదాం, మరీ ఆలస్యమైనదాన్ని పారేద్దాం, చిన్న మాటని పెద్ద సినిమా వెనక నిలబెట్టకుండా దాని వరస దానికిద్దాం. ఆ ఒక్క మాట పట్టుకున్నారు. "పారేద్దామా? కస్టమర్ల డేటా పారేస్తావా తల్లీ?" పసిపిల్లని వీధిలో పెట్టేస్తానన్నట్టు చూశారు. సార్, ఆలస్యమైన సినిమా ముక్క మళ్ళీ అడిగితే మళ్ళీ వస్తుంది. ఆలస్యమైన మాట అలా కాదు. అది చేరినా చేరనట్టే. ఒక్కోసారి అంతకంటే ఘోరం, అది చేరకూడని చోట చేరుతుంది. ఈ చివరి మాట ఆయనతో అనలేదు. దగ్గినట్టు నటించాను.

నిన్నటి సంగతి తలుచుకోకూడదు అనుకుంటూనే ఉన్నాను, పొద్దున పళ్ళు తోముకుంటున్నప్పట్నుంచీ అదే పని. తలుచుకోకుండా ఎలా ఉంటాను. నిన్న ఇదే వేళ, నేను కింద క్యాంటీను మెట్ల మీద, అక్కడ కాస్త చల్లగా ఉంటుంది, తను అక్కడ మెస్సు బయట ఆ రేకుల కింద. "బుజ్జిదానికి దగ్గు తగ్గిందా?" అని మా పాప సంగతి అడిగాడు. అతని మాట నాకు బాగానే వస్తుంది, అటు నుంచి ఇటొచ్చే దారిలో రద్దీ ఉండదు, నా మాటే అతని వైపు వెళ్తూ పిల్లి వీడియోల వెనక చతికిలబడుతుంది. నేను వెంటనే చెప్పాను, నాకు నోరు ఊరుకోదు కదా, "అయ్యో, దాని గురించి నువ్వేం బెంగపెట్టుకోకు, అంతా మామూలే, మేం బాగానే ఉన్నాం" అని గడగడా చెప్పేశాను. అది దారిలో కూర్చుంది. అవతల అతనికి ఉలుకూ పలుకూ లేదు. నేను వినలేదనుకున్నాడో, దగ్గు సంగతి పెద్ద విషయం కాదనుకున్నాడో, కాసేపాగి ఇంకోటి అడిగాడు. "ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. రేపు భోజనాల్లో మేనేజరుకి చెప్పాలి. ఉండనా?" జవాబు చెబుదామని ఊపిరి తీసుకున్నాను, అంతే, నోరు కూడా తెరవలేదు, సరిగ్గా అప్పుడు వరసలో తన వంతు వచ్చిన నా దగ్గు జవాబు వెళ్ళి అతని చెవిలో పడింది. నువ్వేం బెంగపెట్టుకోకు, అంతా మామూలే, మేం బాగానే ఉన్నాం. "సరే అయితే" అన్నాడు. "ఉంటానని చెప్పేస్తా." వద్దు, వద్దు, అది దగ్గు సంగతి, వద్దు అని మెట్ల మీద అరిచాను, టీ గ్లాసులు పట్టుకుపోతున్నామె ఆగి చూసింది కూడా. అటు సైరను మోగింది. ఫోను పెట్టేశాడు. నా "వద్దు"లు అన్నీ వరసలో బుద్ధిగా నిలబడి, వంతు వచ్చాక టవరు దిగి, లాకర్లో మూసేసిన ఫోను దాకా క్షేమంగా చేరి ఉంటాయి. ఒక్కటి కూడా పోయి ఉండదు. నష్టం సున్నా.

మెసేజి పెట్టొచ్చు కదా అంటారు ఎవరైనా. పెట్టొచ్చు. టైపు చేశాను కూడా. "అది దగ్గు గురించి చెప్పింది" అని రాసి చెరిపేశాను. ఎందుకంటే తర్వాత తను "మరి రెండేళ్ళ సంగతి ఏమంటావ్" అని రాస్తాడు, నేను "నీ ఇష్టం" అని రాస్తాను. నన్ను నేనెరుగుదును. పోయినసారీ అదే అన్నాను, అంతకు ముందూ అదే అన్నాను. "రా" అని రాస్తే ఆజ్ఞలా ఉంటుంది, "వస్తావా" అంటే బతిమాలినట్టు ఉంటుంది, అక్షరానికి గొంతుండదు, చూసుకోవడానికి మొహముండదు. ఇంకో బాధ కూడా ఉంది, అది ఇంకా చిన్నది, ముల్లులాంటిది. "సరే అయితే" అనే ముందు తను ఎంతసేపు ఆగాడు? నా జవాబు వినగానే అన్నాడా, విని కాసేపు మథనపడి అన్నాడా? హమ్మయ్య అనుకుని అన్నాడా, ఉసూరుమని అన్నాడా? నాకు తెలీదు. ఆ మధ్యలో ఉన్న ఖాళీలో అతనిది ఎంతో, లింకుది ఎంతో విడదీయలేకపోయాను. ఇంత చదువూ చదివి, ఇన్ని గీతలు ముందేసుక్కూర్చుని, నా మొగుడి మౌనం నాకు అర్థం కాలేదు.

ఒకప్పుడు నేను దాన్నే చూసి పడిపోయాను, ఆ మౌనాన్ని. శిక్షణ కేంద్రంలో ఇద్దరం ఒకే బ్యాచి, నేను తీగల్లేని లింకులు, తను గని యంత్రాలు, క్యాంటీను మటుకు ఒకటే. ఏదైనా అడిగితే గడ్డం కింద పిడికిలి పెట్టుకుని ఆగేవాడు. మా వాళ్ళంతా వీడికి చెవుడా అనేవాళ్ళు. నాకు మాత్రం మొదటిసారి ఒక మనిషి నా మాట విని, దాన్ని లోపలికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు బదులిస్తున్నాడనిపించింది. అంతకు ముందు నా వాగుడుకి ఎవరూ అంత మర్యాద చెయ్యలేదు. పెళ్ళైన కొత్తల్లో ఆ ఆగడాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. నవ్వు రాబోయే ముందు ఆగేది ఒకటి, ముక్కులోంచి చిన్న గాలి వస్తుంది. కోపం దిగమింగుతున్నప్పుడు ఆగేది ఇంకొకటి, అప్పుడు ఊపిరే వినపడదు. కాదని చెప్పడానికి మొహమాటపడేటప్పుడు చేతి గడియారం పట్టీ సర్దుకునే చప్పుడు. దీపం తీసేశాక పక్కన పడుకుని, నేనేదో చెప్పి ఊరుకుంటే, అవతల నుంచి ఏ మాటా రాకముందే ఏ మాట రాబోతోందో నాకు తెలిసిపోయేది. అది కావాలి నాకు. డబ్బూ వద్దు, కొండల మీంచి తెచ్చే రంగురాళ్ళూ వద్దు, మాటలు కూడా అంత అక్కర్లేదు, మాటలు నా దగ్గరే బోలెడున్నాయి. అతను మాట్లాడకుండా నా పక్కన ఉండే ఆ కాసేపు కావాలి.

తను గనికి వెళ్ళాక ముందుగా పోయింది అదే. మొదట్లో ఇద్దరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం, ఒకేసారి ఆగేవాళ్ళం, "చెప్పు" "నువ్వే చెప్పు" అంటూ భోజనం వేళంతా గడిపేసేవాళ్ళం. చివరికి మా బుజ్జిదే దారి కనిపెట్టింది. మాట అయిపోగానే "నీ వంతు నాన్నా" అంటుంది. అలా అన్నాక గానీ అవతలివాళ్ళు మాట్లాడకూడదు. అది మా ఇంటి చట్టమైపోయింది. "ఇవాళ పన్ను ఊడింది, నీ వంతు." "ఏ పన్ను ఊడిందమ్మా, నీ వంతు." పోయిన సెలవుల్లో తను ఇంటికొచ్చినప్పుడు, నా ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని, "కాస్త ఉప్పందుకో, నీ వంతు" అన్నాడు. ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నవ్వి నవ్వి నేను వంటగదిలోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను. సెలవు అయిపోతుండగా గమనించాను, తను ఇంట్లో కూడా నేను మాట పూర్తి చేశాక ఆగుతున్నాడు, కానీ అది పాత ఆగడం కాదు. గడ్డం కింద పిడికిలి లేదు. ఉత్తినే, లింకు కోసం ఆగినట్టు, నా మాట తనని చేరడానికి టైమిస్తున్నట్టు ఆగుతున్నాడు. నేనిక్కడే ఉన్నానయ్యా బాబూ అని పట్టుకుని కుదిపేద్దామనిపించింది. బట్టలు సర్దిపెట్టాను.

"ఇదిగో, ఇదిగో" అన్నారు మా సారు. టీ గ్లాసు నా కీబోర్డు పక్కన పెట్టి మరీ వేలు చూపించారు. స్క్రీను మీద ఎర్రంకెలు పెరుగుతున్నాయి. పారేసినవి. ఆయనకి ఆ ఎరుపు చూస్తే ఒంట్లోంచి రక్తం కారుతున్నట్టుంది పాపం. "ఇన్ని పోతున్నాయి! తీసెయ్యమ్మా, ఇంక చాలు." సార్, కాస్త ఆగండి, పక్క గీత చూడండి అన్నాను. పక్క గీత ఆలస్యానిది. కొండంత ఉండాల్సిన వేళ, చాపలా పరుచుకుని ఉంది. పారేస్తే ఏమవుతుందో ఆయనకి మళ్ళీ చెప్పాను. పంపేవాడికి దారిలో ఇరుకు ఎలా తెలుస్తుంది సార్, ఎక్కడో ఉంటాడు వాడు, వాడికి కళ్ళున్నాయా. ఒక ముక్క పోయిందని తెలిస్తేనే ఓహో అనుకుని నెమ్మదిస్తాడు. మనం ఏదీ పోనివ్వకుండా అంతా దాచి దాచి ఉంచితే, అంతా బాగుందనుకుని ఇంకా పంపుతాడు, ఇంకా పంపుతాడు. తప్పు వాడిది కాదు సార్, వాడికి ఎవరూ చెప్పలేదు. అన్నాను, అని నా చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. ఎవరి గురించి మాట్లాడుతున్నాను నేను? తను ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నాం. బుజ్జిది ఎలా ఉందంటే బాగానే ఉంది. జ్వరం వచ్చి తగ్గాక చెప్పాను, స్నానాల గదిలో జారిపడి చెయ్యి బెణికితే కట్టు విప్పాక చెప్పాను, ఏడుపొస్తే ఫోను పెట్టేశాక ఏడ్చాను. తను అక్కడ దుమ్ములో, రాయి మోసే ఆ బెల్టుల కింద దూరి నానా అవస్థ పడుతుంటే మళ్ళీ నా గోల ఎందుకని. ఒక్కటి కూడా అటు తెలియనివ్వలేదు. మా సారుని ఏమనాలి ఇక. ఆయనైనా లింకులకే చేశారు.

"ఏంటమ్మా, ఏమైంది?" అన్నారు సారు. ఏం లేదు సార్, కళ్ళు మండుతున్నాయి, ఏసీ. ఆయన ఏసీ వైపు చూసి, నా వైపు చూసి, గ్లాసు తీసుకుని పక్క కుర్చీలో కూర్చున్నారు. "ఫోన్ కాల్ మాట్లాడి పరీక్షిస్తానన్నావ్, ఎవరితో?" మా ఆయనతో సార్. ఆ గనిలోనే ఉంటారు. "అలా చెప్పు" అని నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు. గీత నిలకడగా ఉంది. గనిలో భోజనాలు సగం అయిపోయి ఉంటాయి. మేనేజరు కూడా అదే మెస్సులో తింటాడు, కిటికీ పక్క బల్ల అతనిది, తను చెప్పాడొకసారి. ముందు మేనేజరు దగ్గరికి వెళ్తే? ఫోను చేసే ముందే, చెయ్యి తుడుచుకుంటూ, అటు నుంచి అటే, ఎలాగూ తేలిపోయిందే కదా అని వెళ్ళి చెప్పేస్తే? ఒకసారి మాట ఇస్తే చచ్చినా వెనక్కి తీసుకునే రకం కాదు. రెండేళ్ళు. బుజ్జిదానికి అప్పటికి ఎన్ని పళ్ళు ఊడి ఎన్ని వస్తాయో. నేను ఎన్ని "బాగానే ఉన్నాం"లు చెప్పాలో. అందరి వెనకా నిలబడే నా తండ్రీ, తొందరగా తిను, తొందరగా తిని ముందు నాకు చెయ్యి, ముందు నాకు, ఒక్కసారి నన్ను ముందు నిలబెట్టు.

మోగింది.

చెవిలో పెట్టుకున్నాను. "ఏమోయ్ వాగుడుకాయా" అన్నాడు. అంత దగ్గరగా అన్నాడు, నేను కుర్చీలో పక్కకి చూశాను. వెనకాల స్టీలు పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఇవేవీ ఇదివరకు వినలేదు నేను. మేనేజరుకి చెప్పేశావా అన్నాను. అనడమే, అది వెళ్ళి తగలడమే. "లేదు, తింటున్నాడు. ఇప్పుడే వెళ్దామని" అన్నాడు, అని తనే ఆశ్చర్యపోయాడు, "ఏంటి, ఇంత తొందరగా వినపడుతోంది?" దానికి జవాబు చెప్పలేదు. చెప్తే అదే పట్టుకుని వాగుతాను, గంటా అయిపోతుంది. మా సారు స్క్రీను వైపే చూస్తున్నారు, చెవులు మటుకు ఇటున్నాయి, ఉండనీ. నిన్న నేను చెప్పింది బుజ్జిదాని దగ్గు గురించి, నీ ఉద్యోగం గురించి కాదు అన్నాను. మేం బాగా లేం. నాకు బాగా లేదు. చాలా రోజుల్నుంచి బాగా లేదు, నీకు చెప్పలేదు. నువ్వు లేకుండా నాకు చేతకావడం లేదు. అక్కడ ఉండొద్దు. ఇంటికొచ్చెయ్.

నీ వంతు అనలేదు.

అటు నుంచి ఏమీ లేదు. నేను స్క్రీను వైపు చూశాను, అలవాటు, ఎక్కడ ఇరుక్కుందో చూద్దామని. ఎక్కడా ఇరుక్కోలేదు. నా వరస ఖాళీ. అతని వరస ఖాళీ. నా మాట ఎప్పుడో చేరిపోయింది, అతని దగ్గర్నుంచి బయల్దేరి దారిలో ఉన్నది ఒక్కటీ లేదు. అంటే ఈ మౌనం లింకుది కాదు. ఇది మొత్తం అతనిదే. ఎన్నాళ్ళకు విన్నాను దీన్ని. భయమేస్తున్నా వింటూనే ఉన్నాను. గడియారం పట్టీ చప్పుడు కోసం విన్నాను, లేదు. ఊపిరి వినపడకుండా పోతుందేమోనని విన్నాను, వినపడుతోంది. నిండుగా, కాస్త తడిగా. ఇది నాకు తెలియని కొత్త ఆగడం. దీన్ని నేనింకా నేర్చుకోలేదు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

"వినపడలేదా?"

"వినపడింది. ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఈసారి ఒక్క మాటే చెప్పాను, రా అని. అటు కుర్చీ వెనక్కి జరిగింది. అడుగులు వినపడ్డాయి, ఫోను పెట్టెయ్యలేదు, చేత్తో పట్టుకునే నడుస్తున్నాడు, అదే తాపీ నడక, బల్లల మధ్యనుంచి, ఎవరో "ఏం గురూ, ఎటు" అంటే బదులివ్వకుండా కిటికీ వైపు. మా సారు గడియారం చూసుకుని, నా మొహం చూసి, కుర్చీ స్క్రీను వైపు తిప్పుకున్నారు. అడుగులు ఆగాయి.

"సార్, ముందు నాదొక మాట" అన్నాడు మా నిదానం, అక్కడ. అన్న క్షణంలోనే ఇక్కడ విన్నాను.